కాజీపేటలో దొరికిన ల్యాబ్రడార్: ఇంటికి తెచ్చుకోవాలా, షెల్టర్‌కి ఇవ్వాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఫాతిమానగర్ వైపు మీ సందులోకి ఒక ఆడ ల్యాబ్రడార్ వచ్చి చేరింది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంది, వీపంతా గజ్జి, చెవుల్లో గోమార్లు (కోస్తా వాళ్లు పిడుదులు అంటారు). అన్నం పెడితే మీరు దూరంగా వెళ్లాకే తింటోంది, నీళ్లు మాత్రం గిన్నెలకు గిన్నెలు తాగుతోంది. ఎవరైనా చీపురు పట్టుకుని కనబడితే పళ్లు చూపిస్తోంది. మీరుండేది అద్దె ఇంట్లో, అమ్మగారికి కుక్కలంటే భయం. షెల్టర్‌కి ఇచ్చేస్తే మంచిదా, ఇంటికి తెచ్చుకుంటే మామూలు కుక్కలా అవుతుందా అని అడిగారు. నేను వరంగల్ శివార్లలో, వదిలేసిన కుక్కల్ని చేర్చుకునే ఒక చిన్న షెల్టర్‌లో ఏళ్లుగా పనిచేస్తున్నాను. డాక్టర్‌ని కాదు. డాక్టర్లు రాసిచ్చిన మందులు వేయడం, పుండ్లు కడగడం, భయపడ్డ కుక్క పక్కన గంటల తరబడి కూర్చోవడం నా పని. అక్కడ చూసి నేర్చుకున్నదే చెప్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఆ నీళ్ల సంగతి. పిల్లల సంచి తీయని ఆడకుక్క విపరీతంగా నీళ్లు తాగుతోందంటే గర్భసంచిలో చీము పట్టిందేమో అని మొదట అనుమానించాలి. డాక్టర్లు పయోమెట్రా అంటారు. ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు ఇది వస్తుంది. తిండి తగ్గుతుంది, నీరసం, వాంతులు, పొట్ట కాస్త ఉబ్బుతుంది. కొన్నిటికి వెనకవైపు నుంచి చీము, రక్తం కలిసిన వాసన ద్రవం కారుతుంది. కొన్నిటికి ఏమీ కారదు, అవే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే చీమంతా లోపలే నిలిచిపోతుంది. దీనికి గట్టి వైద్యం ఆపరేషనే, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. మీ కుక్కకు ఇదే అని నేను అనడం లేదు. ఎండల వల్ల తాగుతుండవచ్చు, కిడ్నీ సమస్య కావచ్చు, షుగర్ కావచ్చు. కానీ కడుపు స్కాన్, రక్తపరీక్ష చేయిస్తే తేలిపోతుంది. కాబట్టి మచ్చిక చేసుకున్నాక నెమ్మదిగా ఆసుపత్రికి తీసుకెళ్దాం అనుకోకండి, ఈ రెండు రోజుల్లోనే చూపించండి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ అడగండి. హనుమకొండలో కుక్కల్ని చూసే ప్రైవేటు క్లినిక్‌లూ ఉన్నాయి. వెళ్లే ముందు ఫోన్ చేసి స్కాన్ ఉందో లేదో కనుక్కోండి. 1962 నంబర్‌కి ఫోన్ చేస్తే వచ్చే ప్రభుత్వ పశువైద్య బండి ప్రధానంగా పల్లెల్లో పశువుల కోసం. అడిగి చూడటంలో తప్పులేదు గానీ దాని మీదే ఆధారపడి కూర్చోవద్దు.

మీరు పెట్టిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. పాలరొమ్ములు బాగా సాగి వేలాడుతున్నాయి. మోచేతుల మీద వెంట్రుకలు పోయి నల్లగా, మందంగా కాయలు కాసి ఉన్నాయి. ముందు కాళ్ల గోళ్లు వంపు తిరిగేదాకా పెరిగాయి. రొమ్ములు అలా సాగాయంటే పిల్లల్ని పెట్టింది, బహుశా ఒకసారి కాదు. మోచేతి కాయలు గచ్చు నేల మీద ఏళ్లు పడుకుంటే వస్తాయి. గోళ్లు అరగలేదంటే నడక లేదు. ఈ మూడూ కలిపి చూస్తే పిల్లల కోసం బోనులోనో గదిలోనో ఉంచి, ఇక పనికిరాదనుకున్నాక వదిలేసిన కుక్క అనిపిస్తోంది. నిర్ధారణగా చెప్పలేను. తప్పిపోయిన కుక్క కూడా అయి ఉండవచ్చు కాబట్టి మెడ చర్మం కింద యజమాని వివరాలు తెలిపే మైక్రోచిప్ ఉందేమో చూడమని డాక్టర్‌ని అడగండి, చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో పెట్టండి. పెట్టేటప్పుడు ఒక గుర్తు దాచుకోండి. కడుపు కింద మచ్చో, చెవి వెనక గాటో, ఏదో ఒకటి. ఎవరైనా మాదే అని వస్తే ఆ గుర్తు చెప్పమనండి, పాత ఫొటోలు, టీకాల కార్డు చూపించమనండి. ఎందుకింత జాగ్రత్త అంటే ఉచితంగా దొరికే ఆడ ల్యాబ్రడార్ మీద కన్ను వేసేవాళ్లు ఉంటారు. ఇలాంటి పోస్టు పెట్టగానే "మాకివ్వండి, బాగా చూసుకుంటాం" అని మొదట వచ్చే ఫోన్లలో కొన్ని వాళ్లవే.

ఇది వీధికుక్క అయ్యుంటే నా సమాధానం వేరుగా ఉండేది. వీధిలో పుట్టి పెరిగిన కుక్కకు ఆ వీధే ఇల్లు. ఏ టీ కొట్టు దగ్గర బిస్కెట్ దొరుకుతుందో, ఏ బండి కింద నీడ ఉంటుందో, ఏ సందులోకి వెళ్తే పక్క గుంపు తరుముతుందో దానికి తెలుసు. దాన్ని తెచ్చి షెల్టర్‌లో గోడల మధ్య పెట్టడం చాలాసార్లు దానికి అన్యాయమే. జబ్బు నయం చేసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, తెచ్చినచోటే వదలాలని 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పేది అందుకే. ఆ పని స్థానిక సంస్థలది, మన దగ్గర గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌ది. చెవి చివర చిన్న కత్తిరింపు కనబడితే ఆ కుక్కకు ఆపరేషన్ అయిందని గుర్తు. మీ ల్యాబ్రడార్‌కి వీధి లేదు, గుంపు లేదు. రోడ్డు దాటడం రాదు, తిండి వెతుక్కోవడం రాదు, మిగతా కుక్కలు తరిమితే ఎక్కడికి పోవాలో తెలియదు. నయం చేసి మళ్లీ అక్కడే వదలడం కుదరదు. దానికి ఒక ఇల్లు కావాలి. షెల్టర్ ఆ ఇంటికి వెళ్లే దారిలో ఒక మజిలీ మాత్రమే.

ఇక పట్టుకోవడం. మీరు ఇప్పటికే అన్నం పెడుతున్నారు కాబట్టి సగం పని అయినట్టే. రోజూ ఒకే టైమ్, ఒకే చోటు, ఒకే మనిషి. అన్నంలో ఉడికించిన కోడి కార్జం ముక్కలు కలపండి, ఆ వాసనకు లొంగని కుక్కను నేను చూడలేదు. ఎదురుగా నిలబడకుండా పక్కకు తిరిగి కూర్చోండి, కళ్లలోకి చూడొద్దు, మీద నుంచి వంగొద్దు. గిన్నెను మీ వైపు కొద్దికొద్దిగా జరుపుకుంటూ రండి. తింటుండగా మెత్తని నూలు తాడుతో వేసిన జారుముడిని మెడలోకి వేయవచ్చు, కానీ రెండో మనిషి తోడు ఉండాలి. తరమడం మాత్రం అసలు చేయొద్దు. కాజీపేటలో రైలు పట్టాలు ఎంత దగ్గరో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆటో ముందే మాట్లాడి పెట్టుకోండి, సంగతి చెప్పి మాట్లాడండి, సీటు మీద పాత దుప్పటి వేస్తామనండి. ఆసుపత్రిలో పరీక్ష చేసేటప్పుడు వెడల్పు గుడ్డ బ్యాండేజీతో మూతి చుట్టూ రెండు చుట్లు వేసి, గదవ కింద ముడి తిప్పి, చెవుల వెనక కట్టాలి. నొప్పిలో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరుస్తుంది. అయితే ఎండలో ఎక్కువసేపు అలా ఉంచొద్దు, నోరు తెరిచి రొప్పితేనే కుక్క ఒంట్లో వేడి పోతుంది.

పట్టుకునే ముందు మీ సంగతి. కుక్క టీకాల చరిత్ర మనకు తెలియదు కాబట్టి మీరు రేబిస్ ముందస్తు టీకా వేయించుకుంటే నిశ్చింతగా ఉంటుంది. మూడు డోసులు, మొదటి రోజు, ఏడో రోజు, 21 లేదా 28వ రోజు. అది కుదిరేలోగా కరిచినా, పంటి గీరుడు పడినా, గాయం మీద నాకినా వెంటనే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం ఏమీ పెట్టొద్దు. నేరుగా వరంగల్‌లోని ప్రభుత్వ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లండి. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల సూది) కూడా వేయాలి, అది మీరే అడగండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం, అందుకే ఇక్కడ మొహమాటం, బద్ధకం పనికిరావు. కుక్క తూలుతూ నడుస్తున్నా, దవడ వేలాడి చొంగ కారుతున్నా, నీళ్లు మింగలేకపోతున్నా, అరుపు మారినా, కనిపించినదాన్నల్లా కొరుకుతున్నా దగ్గరికి వెళ్లకుండా కార్పొరేషన్‌కి చెప్పండి. మీరు చెప్పిన దాన్ని బట్టి మీ కుక్కలో అవేవీ లేవు. చీపురును చూసి పళ్లు చూపించడం భయం. ఎవరో చీపురుతో కొట్టి ఉంటారు.

ఇంట్లో మొదటి రెండు వారాలు దాన్ని విడిగా ఉంచాలి. బాల్కనీ అయినా, మెట్ల కింద జాగా అయినా సరే, నీడ, గాలి, నీళ్లు ఉంటే చాలు. వేరే కుక్కలతో కలపొద్దు. గజ్జి, పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులు లాంటివి ఏవి మోసుకొచ్చిందో ఈ రెండు వారాల్లో చాలావరకు బయటపడతాయి. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కి చావదు, బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడగాలి. మీ ఇంటి చుట్టుపక్కల కుక్కపిల్లలు ఉంటే ఇది మరీ ముఖ్యం.

ఎండిపోయిన కుక్కను చూడగానే కడుపునిండా పెట్టాలనిపిస్తుంది. ఆ ప్రేమే కొన్నిసార్లు ప్రాణం తీస్తుంది. చాలాకాలం పస్తులున్న ఒంట్లోకి ఒక్కసారిగా గంపెడు అన్నం వెళితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం అకస్మాత్తుగా పడిపోతాయి, గుండె దెబ్బతింటుంది. కాబట్టి మొదటి రోజు దానికి మామూలుగా పట్టే తిండిలో పావు వంతే, అదీ ఐదారు సార్లుగా పెట్టండి. వారం పది రోజుల్లో నెమ్మదిగా పూర్తి తిండికి తీసుకురండి. ఉడికించిన చికెన్, గుడ్డు ఎక్కువగా, అన్నం తక్కువగా. ఉడికిన ఎముకలు వేయొద్దు, పగిలి సూదుల్లా అయి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉల్లిపాయ పడ్డ కూర, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ విషం. పాలు తాగిస్తే చాలా కుక్కలకు విరేచనాలు అవుతాయి, కాస్త పెరుగు ఫర్వాలేదు.

గజ్జి గురించి మన దగ్గర ఎన్ని సొంత వైద్యాలో. వాడేసిన ఇంజన్ ఆయిల్ పూస్తారు, కిరోసిన్ పూస్తారు, పురుగులు పట్టిన పుండులో ఫినాయిల్ పోస్తారు. చర్మం కాలుతుంది, కుక్క నాక్కుంటుంది, ఆ విషం లోపలికి పోతుంది. డాక్టర్ చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే అది ఏ పురుగు వల్ల వచ్చిన గజ్జో తెలుస్తుంది. ఒక రకం విపరీతమైన దురద, చెవి అంచులు, మోచేతులు ముందు పట్టుకుంటుంది, మనుషులకూ ఎర్ర దద్దుర్లు తెప్పిస్తుంది. ఇంకో రకం అంటదు గానీ ఒంట్లో శక్తి తగ్గినప్పుడు పెరుగుతుంది. రెండింటికీ ఇప్పుడు మంచి మందులున్నాయి, కొన్ని నెలల్లో వెంట్రుకలు తిరిగి వస్తాయి. ఇంకో హెచ్చరిక. గొడ్లకు వేసే ఐవర్‌మెక్టిన్ సీసా కొనుక్కొచ్చి ఎవరో చెప్పిన కొలతతో సూది వేయడం మన పల్లెల్లో మామూలైపోయింది. కొలత తప్పితే కుక్క కోమాలోకి పోతుంది, కోలీ లాంటి కొన్ని జాతులకు తక్కువ మోతాదే ప్రమాదం. అది డాక్టర్ చేతి నుంచే పడాలి.

గోమార్లను చేత్తో నలిపేయకండి. పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టి నేరుగా లాగి స్పిరిట్‌లోనో సబ్బు నీళ్లలోనో వేయండి. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది, అందుకే కుక్కకు మందు వేసినా పది రోజుల్లో మళ్లీ కనబడతాయి. కుక్క పడుకునే చోటు కూడా శుభ్రం చేయాలి. వీటితో వచ్చే జ్వరమే మన ప్రాంతంలో కుక్కల్ని ఎక్కువగా పీల్చి పిప్పి చేసేది. చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, జ్వరం, తిండి మానేయడం. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా మామూలు వేడే, 103 దాటితే జ్వరం కింద లెక్క. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే డాక్టర్ సాధారణంగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాస్తారు, చాలాసార్లు నాలుగు వారాల కోర్సు ఉంటుంది. వారానికే కుక్క తోక ఊపుతూ తిరుగుతుంది, మందు మానేస్తారు, నెల తిరక్కుండా జ్వరం మళ్లీ వస్తుంది. కోర్సు పూర్తి చేయండి. తిండితో పాటే మాత్ర ఇవ్వండి, ఖాళీ కడుపున ఇస్తే కక్కేస్తుంది. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు.

టీకాలు ఒంట్లో జ్వరం తగ్గాకే. రేబిస్ టీకా ఒకటి, డిస్టెంపర్, పార్వో లాంటివి కలిసిన టీకా ఇంకొకటి, నట్టల మందు మూడు నెలలకోసారి. జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల దినం) సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. అది గుర్తుపెట్టుకోండి గానీ దాని కోసం ఆగకండి.

ఒళ్లు బాగుచేయడం తెలిసిన దారే. మీరు నిజంగా అడిగింది "మామూలు కుక్కలా అవుతుందా" అని. దీనికి కొంచెం ఎక్కువ చెప్పాలి.

పరకాల వైపు ఒక గోడౌన్ దగ్గర కట్టేసి వదిలేసిన జర్మన్ షెపర్డ్ మా దగ్గరికి వచ్చింది. పిల్లగా ఉన్నప్పుడు కట్టిన నైలాన్ తాడు అలాగే ఉంది, కుక్క పెరిగింది, తాడు పెరగలేదు. పైకి చూస్తే మెడ చుట్టూ వెంట్రుకలు తడిగా అట్టకట్టినట్టు ఉన్నాయి, అంతే. వాసన వచ్చింది. డాక్టర్ మత్తిచ్చి వెంట్రుకలు గొరిగితే అప్పుడు కనబడింది: తాడు చర్మం లోపలికి దిగి, దాని మీద కొత్త చర్మం పెరగబోతోంది. తాడు కత్తిరించి లాగుతుంటే దాని వెంట పురుగులు రాలాయి. పుండు మానడానికి పట్టిన సమయం పెద్దదేం కాదు. కానీ మానిన తర్వాత కూడా చాలా నెలలు ఎవరి చేయి మెడ దగ్గరికి వెళ్లినా ఆ కుక్క నేలకు అంటుకుపోయి ఉచ్చ పోసుకునేది. బెల్టు చేతిలో ఉన్న మనిషి గేటు దగ్గర కనబడినా అంతే. దాన్ని మేం బుజ్జగించడం మానేశాం. మెడకు బెల్టు కట్టే ఆలోచనే వదిలేసి ఛాతీకి వేసే పట్టీ తెచ్చి, దాన్ని గిన్నె పక్కన నేల మీద పడేసి ఉంచాం. మొదట దాన్ని చుట్టి తిరిగి వెళ్లి తినేది. తర్వాత వాసన చూసింది. ఆ తర్వాత దాని మీద కాలు పెట్టి తింది. ఒకరోజు మా దగ్గర వంటపని చేసే అక్క గిన్నెలు తోముతుంటే వెనక నుంచి వచ్చి తన తొడను ఆమె కాలికి ఆనించి నిలబడింది. ఆమె తిరగలేదు, పలకరించలేదు, గిన్నె తోముతూనే ఉంది. అలా తిరగకుండా ఉండటం చాలా కష్టం, చేసి చూస్తే తెలుస్తుంది. ఆ పట్టీ దానికి మొదట వేసింది కూడా ఆమే.

ఇన్నేళ్లలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఇదే. ఇలాంటి కుక్కకు మొదట కావలసింది ముద్దు చేయడం కాదు, ఎవరూ తన జోలికి రాకపోవడం, రోజు రోజులాగే ఉండటం. అదే టైమ్‌కి గిన్నె, అదే మూల, అదే గొంతు. తర్వాత ఏం జరగబోతోందో కుక్కకు ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. కొత్త ఇంట్లో మొదటి మూడు రోజులు అది మూలకు నక్కి ఉంటుంది, తినకపోవచ్చు, ఇంట్లోనే ఉచ్చ పోయవచ్చు. మూడు వారాలకు ఇంటి పద్ధతి అర్థమవుతుంది, అప్పుడే కొన్ని చెడ్డ అలవాట్లు కూడా బయటపడతాయి. మూడు నెలలకు మీరు ఎవరో దానికి తెలుస్తుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, బోనులో పెరిగినవాటికి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. మెట్లు ఎక్కడం రాదు, గడ్డి మీద కాలు పెట్టదు, మిక్సీ చప్పుడుకి మంచం కిందికి దూరుతుంది. వాటిని అల్లరి అనుకోకండి, అవి దానికి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

గుర్రుమన్నప్పుడు కొట్టకండి, అరవకండి. "నాకు భయంగా ఉంది, ఆగు" అని చెప్పడానికి దానికి ఉన్నది ఆ గుర్రే. దాన్ని కొట్టి మాన్పిస్తే తర్వాతిసారి చెప్పకుండానే కరుస్తుంది. అంతకంటే ముందు సంకేతాలు చూడటం నేర్చుకోండి: నిద్ర రాకపోయినా ఆవులించడం, మూతి నాక్కోవడం, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు చూపించడం, ఒళ్లంతా బిగుసుకోవడం. అవి కనబడగానే మీరే ఒక అడుగు వెనక్కి వేయండి. చీపురు విషయానికి వస్తే, దాన్ని గోడకు ఆనించి దూరంగా ఉంచి, కుక్క దాన్ని చూసిన ప్రతిసారీ ఒక చికెన్ ముక్క వేయండి. కొన్ని రోజులకు ఒక అడుగు దగ్గరికి తెండి. చీపురును ఊడ్చేలా కదిలించడం చాలా తర్వాతి మాట. వినాయక నిమజ్జనం డప్పులు, బరాత్ డీజే, దీపావళి రోజుల్లో తలుపులు వేసి ఫ్యాన్ పెట్టి లోపల ఉంచండి. కుక్కలు భయపడి పారిపోయి తప్పిపోయేది ఎక్కువగా ఆ రోజుల్లోనే.

కొన్ని కుక్కలు మీరనుకునే "మామూలు"కు రావు. కొత్తవాళ్లు వస్తే పక్క గదిలోకి వెళ్లిపోతాయి, జీవితాంతం అంతే. దానికి తోడు ఉండే మనుషులు, నిద్రపట్టే మూల దొరికితే అది హాయిగానే బతుకుతుంది. ల్యాబ్రడార్లు మాత్రం చాలావరకు మనిషి వైపు తొందరగానే తిరుగుతాయి. మీది అన్నం కోసం రోజూ మీ గేటు దగ్గరికే వస్తోందంటే మనిషి మీద ఆశ పూర్తిగా పోలేదు.

అమ్మగారి భయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2023 మేలో కాజీపేటలోనే ఒక వలస కుటుంబం పిల్లాడు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. ఆ తర్వాత మన ఊళ్లో ఏ తల్లికైనా భయం ఉండటం న్యాయమే. కుక్కల కోసం పనిచేసేవాళ్లం ఆ పిల్లాడి గురించి కూడా బాధపడాలి, ఆపరేషన్లు, టీకాలు సరిగా జరగాలని కార్పొరేషన్‌ను అడగాలి. అమ్మగారిని ముట్టుకోమని బలవంతపెట్టకండి. మధ్యలో ఒక గ్రిల్ తలుపు ఉంచండి, ఆవిడ దూరం నుంచి రోజూ ఒక ముక్క వేస్తే చాలు. ఇంటి ఓనర్‌తో ముందే మాట్లాడండి, దాచిపెట్టి తెస్తే నెల తర్వాత కుక్క మళ్లీ రోడ్డు మీద పడుతుంది. ఓనర్ ససేమిరా అంటే మీ ఇంట్లో శాశ్వతంగా ఉంచే ఆలోచన మానుకుని, ఫోస్టరింగ్ గురించి ఆలోచించండి. అంటే నయమయ్యేదాకా రెండు మూడు నెలలు మీ దగ్గర ఉంచి తర్వాత మంచి ఇంటికి పంపడం.

షెల్టర్ గురించి నిజం చెప్తాను, మాదైనా ఇంకొకరిదైనా. రాత్రంతా మొరుగుళ్లు, పక్క గదిలో జబ్బు కుక్క, ఒక్కో మనిషి మీద డజన్ల కొద్దీ కుక్కల భారం. 44, 45 డిగ్రీల మే నెలలో నీళ్ల ట్యాంకర్ ఆలస్యమైతే మా గుండెలు జారిపోతాయి. భయపడ్డ కుక్కకు నేను పైన చెప్పిన నిశ్శబ్దం, ఒకే మనిషి, ఒకే టైమ్, ఇవి షెల్టర్‌లో దొరకడమే కష్టం. రోడ్డు ప్రమాదం, విరిగిన కాలు, పురుగుల పుండు లాంటివాటికి షెల్టర్ తప్పదు. మీ కుక్కకు మాత్రం ఒక ఇంటి మూల దొరికితే షెల్టర్ కంటే నెలల ముందే కోలుకుంటుంది. ఏ దారీ లేక షెల్టర్‌కే ఇవ్వాల్సి వస్తే ముందు వెళ్లి చూడండి. కొత్త కుక్కల్ని విడిగా ఉంచుతున్నారా, ఏ కుక్కకు ఏం మందు వేశారో రాసిపెడుతున్నారా, నీళ్ల తొట్లు శుభ్రంగా ఉన్నాయా, ఆడకుక్కలకు ఆపరేషన్లు అవుతున్నాయా, చూడటానికి మిమ్మల్ని లోపలికి రానిస్తున్నారా. రానివ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చాక కూడా వెళ్లి చూస్తూ ఉండండి, మందుల ఖర్చులో చేయి కలపండి.

దత్తతకు ఇచ్చేటప్పుడు నా దగ్గర సడలింపు లేని షరతు ఒకటే: పిల్లల సంచి తీయించకుండా ఈ కుక్కను ఎవరికీ ఇవ్వొద్దు. లేకపోతే మళ్లీ పిల్లల వ్యాపారంలోకే వెళ్తుంది. చీము ఉంటే ఆపరేషన్ వెంటనే, లేకపోతే బరువు పెరిగి, రక్తం కుదుటపడ్డాక. అదే సమయంలో రొమ్ముల్లో గడ్డలున్నాయేమో తడిమి చూడమనండి. తీసుకునేవాళ్ల ఇంటికి వెళ్లండి. కుక్క ఎక్కడ పడుకుంటుంది, మీరు ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఇంట్లో అందరికీ ఇష్టమేనా అని అడగండి. "కాపలాకి కావాలి, షెడ్డు దగ్గర కట్టేస్తాం" అన్నవాళ్లకు దండం పెట్టి వచ్చేయండి.

వదిలేసిన వాళ్ల మీద కేసు పెట్టవచ్చా అని చివర్లో అడిగారు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 కింద నేరమే. కానీ మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. దశాబ్దాలు గడిచినా ఆ అంకెలు మారలేదు, నాకు ఒళ్లు మండే విషయం ఇది. చంపడం, విషం పెట్టడం, అవిటి చేయడం అయితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. కుక్కపిల్లల వ్యాపారం చేసేవాళ్లు 2017 నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. సీసీ కెమెరాలో బండి నంబర్ దొరికితే పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, ఆసుపత్రి చీటీ, ఫొటోలు జతచేయండి. దొరక్కపోతే ఆ వెతుకులాటలో శక్తి పోగొట్టుకోకండి, ఆ శక్తి కుక్కకు కావాలి.

ఆసుపత్రికి వెళ్లి వచ్చాక స్కాన్‌లో ఏం వచ్చింది, హిమోగ్లోబిన్ ఎంత, ప్లేట్‌లెట్లు ఎన్ని, బరువెంత అన్నది ఇక్కడ రాయండి. వాటిని బట్టి తిండి కొలతలు చెప్తాను. పట్టుకోవడానికి రెండో మనిషి లేకపోతే అది కూడా రాయండి. మాలో ఎవరో ఒకరం ఛాతీ పట్టీ, మూతి బుట్ట తీసుకుని కాజీపేట వస్తాం.